తాకితే పలికే కళ: సర్క్యూట్ల చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?

1966 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని 69వ రెజిమెంట్ ఆయుధాగారంలో ఒక టెన్నిస్ ఆట జరిగింది. ఆడినవాళ్లు చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా, టెన్నిస్ క్రీడాకారిణి మిమీ కనారెక్. రాకెట్ల పిడుల్లో చిన్న మైకు, రేడియో ట్రాన్స్‌మిటర్ దాచారు. బంతి తగిలినప్పుడల్లా గంట కొట్టినట్టు హాలంతా మోగేది. మోగినప్పుడల్లా పైనున్న 36 దీపాల్లో ఒకటి ఆరిపోయేది. ఆఖరి దీపం ఆరి చీకటి కమ్మగానే ఆట ముగిసింది. 'ఓపెన్ స్కోర్' అనే ఈ ప్రదర్శన చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఊహ. వైర్లు కలిపి, ట్రాన్స్‌మిటర్లు బిగించింది మాత్రం బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాల ఇంజినీర్లు.

ఇప్పుడు అలాంటిదే చిన్నపాటిగా చేయాలంటే బెల్ ల్యాబ్స్ దాకా పోనక్కర్లేదు. తట్టితే పసిగట్టే ఒక పైజో బిళ్ల, ఆర్డువినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, నాలుగు ఎల్‌ఈడీలు, మూరెడు వైరు ఉంటే హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని చేసుకోవచ్చు. సామాను అందరికీ అందుబాటులోకి వచ్చింది. తేలనిది నేర్చుకునే పద్ధతి. బొమ్మలు గీసే అమ్మాయి, నాటకాలు వేసే అబ్బాయి, వీణ వాయించే మనిషి ఎలక్ట్రానిక్స్ వైపు రావాలంటే ఓం సూత్రంతో మొదలుపెట్టాలా? పాత రేడియో విప్పి చూడాలా? కోడ్ నేర్చుకోవాలా? తెలిసిన ఇంజినీరును పట్టుకుంటే సరిపోతుందా? అరవై ఏళ్లుగా కళాకారులు ఈ ప్రశ్నకు నాలుగు రకాల జవాబులు ఇస్తూ వచ్చారు. నాలుగింటికీ బలం ఉంది, నాలుగింటికీ హద్దు ఉంది.

ముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి. హ్యాకింగ్ అనగానే మనవాళ్లకు ఖాళీ అయిన బ్యాంకు ఖాతా, వాట్సాప్‌లో వచ్చిన దొంగ లింకు గుర్తొస్తాయి. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల రైలు బొమ్మల క్లబ్బులో ఈ మాట వాడుకలోకి వచ్చినప్పుడు దానికి అంత చెడ్డపేరు లేదు. ఉన్న సామానుతో, ఎవరూ ఊహించని మార్గంలో, తెలివిగా పని జరిపించడాన్ని వాళ్లు హ్యాక్ అన్నారు. కళాకారులు వాడేది ఆ అర్థంలోనే. కాలిపోయిన మిక్సీ మోటారు తీసి కొబ్బరి తురిమే యంత్రానికి బిగించే మన వీధి మెకానిక్ ఆ లెక్కన పెద్ద హ్యాకర్.

మొదటి దారి: ఇంజినీరుతో జత

'ఓపెన్ స్కోర్' ప్రదర్శించిన కార్యక్రమం పేరు 'నైన్ ఈవినింగ్స్'. పదిమంది కళాకారులు, దాదాపు 30 మంది ఇంజినీర్లు నెలల తరబడి కలిసి పనిచేసి దాన్ని నిలబెట్టారు. నడిపించినవాడు బెల్ ల్యాబ్స్ ఇంజినీరు బిల్లీ క్లూవర్. అంతకు ఆరేళ్ల ముందు, 1960లో, శిల్పి జాన్ టింగ్లీ తనను తాను ధ్వంసం చేసుకునే యంత్రాన్ని న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో నిలబెట్టినప్పుడు కూడా క్లూవర్ చెయ్యి అందించాడు. 'నైన్ ఈవినింగ్స్' ఊపులో ఆయన, రౌషెన్‌బర్గ్, రాబర్ట్ విట్‌మన్, ఫ్రెడ్ వాల్డ్‌హావర్ కలిసి 'ఈఏటీ' అనే సంస్థ పెట్టి, కళాకారుడికి తగిన ఇంజినీరును చూసిపెట్టే సంబంధాల పేరయ్య పాత్ర పోషించారు.

ఆ గాలి మన దేశానికీ తగిలింది. 'నైన్ ఈవినింగ్స్'లో పాల్గొన్న సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పాటు చేశాడు. మన దగ్గర రేడియోకు లైసెన్సు కట్టే రోజులవి.

ఈ దారిలో పని పెద్దదిగా, గట్టిగా వస్తుంది. కాకపోతే కళాకారుడు అడగగలిగేది తనకు ఊహకందినంతే. ఏది సాధ్యమో, ఏది ఖరీదైనదో, ఏది ఐదు నిమిషాల పనో తెలియక ప్రతి చిన్న మార్పుకూ ఇంకొకరి తీరిక కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ప్రదర్శన నడుమ ఒక వైరు ఊడితే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

రెండో దారి: మూత విప్పి వేలు పెట్టడం

1963లో కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ జర్మనీలోని వూపర్టాల్ పట్టణంలో ఒక ప్రదర్శన పెట్టాడు. సెకండ్ హ్యాండ్ టీవీలు తెచ్చి, లోపలి సర్క్యూట్లు మార్చి, బొమ్మను వంకరలు తిప్పాడు. ఒక టీవీకి మైకు తగిలించాడు. చూసేవాళ్లు మాట్లాడితే తెర మీద గీతలు చిందులేసేవి. తేవడంలో ఒక టీవీ పాడై తెర మీద ఒకే ఒక్క గీత మిగిలింది. ఇంకొకరైతే రిపేరుకు పంపేవారు. పైక్ దాన్ని పక్కకు నిలబెట్టి, ఆ గీతను నిలువుగా చూపించి 'జెన్ ఫర్ టీవీ' అని పేరు పెట్టాడు.

అదే దశాబ్దంలో అమెరికాలో రీడ్ గజాలా అనే కుర్రాడి డెస్క్ సొరుగులో మూత లేని బొమ్మ యాంప్లిఫయర్ ఒకటి లోహపు వస్తువుకు తగిలి షార్టయింది. కాలిపోవాల్సింది పోయి వింత శబ్దాలు మొదలుపెట్టింది. పొరపాటున జరిగింది కావాలని చేస్తే ఏమవుతుందని గజాలా ప్రయోగాలకు దిగాడు. పిల్లల మాట్లాడే బొమ్మలు విప్పి, సర్క్యూట్‌లో ఎక్కడికక్కడ వైరుతో ముట్టించి, బాగా పలికిన చోట స్విచ్చు బిగించడం ఆయన పద్ధతి. దానికి సర్క్యూట్ బెండింగ్ అని పేరొచ్చింది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో పాఠాలు చెప్పే నికొలస్ కాలిన్స్ ఈ ధోరణిని ఒక క్రమంలో పెట్టి 2006లో 'హ్యాండ్‌మేడ్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్' పుస్తకం రాశాడు. కళాకారులు ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేందుకు వచ్చిన పుస్తకాల్లో అంత చేతికందే పుస్తకం మరొకటి అరుదు.

ఆ బాటలోని ఒక పాఠం దగ్గరగా చూడదగ్గది. 40106 అనే చిప్పు కొన్ని పదుల రూపాయలకు దొరుకుతుంది. పద్నాలుగు కాళ్ల ఈ పురుగును, సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డ్ అనే పలక మీద గుచ్చాలి. 14వ కాలుకు 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 7వ కాలుకు మైనస్. ఒకటో కాలు నుంచి మైనస్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఒకటికీ రెండుకూ మధ్య ఒక రెసిస్టర్. రెండో కాలు నుంచి వైరు తీసి బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్‌కు ఇస్తే బొయ్‌మని మోగుతుంది. లోపల జరిగేది దాగుడుమూతల లాంటి ఆట. చిప్పు ఇటు ఎక్కువ వస్తే అటు తక్కువ ఇస్తుంది, ఇటు తక్కువైతే అటు ఎక్కువ ఇస్తుంది. కెపాసిటర్ నిండడం, ఖాళీ కావడం ఆగకుండా సాగుతుంటే ఆ ఊగిసలాటే చెవికి శబ్దం.

ఇప్పుడా రెసిస్టర్ పీకేసి ఎల్‌డీఆర్ పెట్టాలి. అది వెలుతురు పడితే అడ్డు తగ్గించి, నీడ పడితే పెంచే బిళ్ల. దాని మీద చెయ్యి ఆడిస్తే శబ్దం హెచ్చుతూ తగ్గుతూ గమకంలా జారుతుంది. ఎల్‌డీఆర్ కూడా తీసేసి రెండు వైర్ల కొసలను వేళ్లతో పట్టుకుంటే ఒంట్లోంచే కరెంటు పారి శబ్దం పుడుతుంది. గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది, వేలు తడి చేస్తే ఇంకా పైకి. ఓం సూత్రాన్ని నల్లబల్ల మీద చూసినవాడికీ ఇలా వేళ్లతో విన్నవాడికీ తేడా ఉంటుంది. చూసేవాళ్ల చేతకు స్పందించే ఇంటరాక్టివ్ కళ అంటే ఏమిటో కూడా ఈ ఒక్క చిప్పే చెప్పేస్తుంది.

అయితే ఇది అదృష్టం మీద నడిచే దారి. బాగా పలికిన చోటు దొరుకుతుంది, ఎందుకు పలికిందో తెలియదు. అలాంటిదే రెండోది చేయమంటే చేతులు ఆడవు. పైగా దీనికి ఒక గీత ఉంది, దాన్ని దాటకూడదు: గోడ ప్లగ్గులో పెట్టే ఏ వస్తువునూ మూత విప్పి ముట్టుకోకూడదు. వేలు పెట్టేది సెల్లుతో నడిచే వాటిలోనే. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబులో, కెమెరా ఫ్లాష్ కెపాసిటర్‌లో, మైక్రోవేవ్ ఓవెన్‌లో కరెంటు తీసేశాక కూడా ప్రాణం తీసేంత వోల్టేజీ దాగి ఉంటుంది. పైక్ చేశాడు కదా అని ఇంట్లోని పాత టీవీ మీద ప్రయోగాలు వద్దు.

మూడో దారి: పెంకె విద్యార్థి లాంటి బోర్డు

2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై కలిసి 'ప్రాసెసింగ్' అనే భాష తయారుచేశారు. బొమ్మలు గీసేవాళ్లు కోడ్ రాయడానికి భయపడకూడదన్నది దాని ఉద్దేశం. అదే సదుపాయం వైర్లకు, మోటార్లకు కూడా ఉండాలని ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఉన్న డిజైన్ విద్యాలయంలో కొలంబియా విద్యార్థి హెర్నాండో బరగాన్ తన సిద్ధాంత గ్రంథంగా 'వైరింగ్' బోర్డు చేశాడు. దాని మీద ఆధారపడి 2005లో అక్కడే ఆర్డువినో పుట్టింది. మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్యెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్టినో, డేవిడ్ మెలిస్ దాని కర్తలుగా పేరు పొందారు. బరగాన్‌కు దక్కాల్సిన వాటా దక్కలేదన్న వాదన నేటికీ ఉంది. పేరు వచ్చింది వాళ్లు సాయంత్రాలు కూర్చునే బార్ నుంచి. ఆ బార్‌కు పేరిచ్చినవాడు 1002లో ఇటలీ రాజైన ఆర్డువిన్.

బోర్డు డిజైన్‌ను అందరికీ తెరిచి పెట్టడంతో ఎవరైనా తయారుచేసి అమ్మవచ్చు. అందుకే హైదరాబాద్ కోఠిలోనూ కొన్ని వందల రూపాయలకే నకలు బోర్డు దొరుకుతుంది. ఆర్డువినో ఊనోలో కోడ్‌కు ఉన్న చోటు 32 కిలోబైట్లు, పని చేసుకునే జ్ఞాపకం 2 కిలోబైట్లు. ఫోనులో తీసిన ఒక ఫొటో పట్టదు. అయినా వంద దీపాలు పలికించడానికి, తలుపు తెరిస్తే పాట మొదలవడానికి అది చాలు.

ఈ దారిలో ఎదురయ్యే చిక్కులు వేరు. ఎల్‌డీఆర్‌ను, 10 కిలోఓమ్ రెసిస్టర్‌ను జతచేసి బోర్డుకు తగిలిస్తే వెలుతురు 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద ఆ అంకె ఒక చోట నిలవదు, 610, 655, 598 అంటూ గంతులేస్తుంది. బోర్డు పాడైందనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. మన కరెంటు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది, అంటే 100 సార్లు దిశ మారుతుంది; దాంతో ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. కంటికి తెలియని ఆ రెపరెపను బోర్డు పట్టేస్తుంది. ఒక రెపరెప పూర్తయ్యేంత సేపట్లో పది కొలతలు తీసి సగటు కడితే అంకె కుదుటపడుతుంది. బటన్ నొక్కడమూ అంతే. మనం ఒకసారి నొక్కితే లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు వణికి ఐదారుసార్లు నొక్కినట్టు చెబుతుంది. ఇలాంటివి పట్టుకుని సరిచేసేటప్పుడే అసలు చదువు జరుగుతుంది. కాపీ కొట్టిన కోడ్ మొదటి రోజు దీపం వెలిగిస్తుంది గానీ, మూడో రోజు దీపం వెలగకపోతే ఎటు చూడాలో చెప్పదు.

నాలుగో దారి: అమ్ముడుపోయిన వస్తువును మళ్లించడం

2010 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఆటల కోసం కినెక్ట్ అనే కెమెరా విడుదల చేసింది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, చెయ్యి ఎటు ఊపాడో అది కనిపెడుతుంది. దాన్ని సొంత కంప్యూటర్లతో పనిచేయించినవారికి బహుమతి ఇస్తామని న్యూయార్క్‌లోని అడాఫ్రూట్ సంస్థ ప్రకటించింది. వెయ్యి డాలర్లతో మొదలై మూడు వేలకు చేరిన బహుమతిని, యూరప్‌లో అమ్మకాలు మొదలైన రోజే, నవంబర్ 10న, స్పెయిన్‌కు చెందిన హెక్టర్ మార్టిన్ గెలిచాడు. మైక్రోసాఫ్ట్ మొదట కన్నెర్ర చేసి, తర్వాత దారికొచ్చింది. ఆపై కొన్నేళ్లు గ్యాలరీల్లో మనిషి నీడను పట్టుకుని రంగులు చల్లే పనులు వరదలా వచ్చాయి. 2017లో కినెక్ట్ తయారీ ఆగింది. దాని మీదే ఆధారపడి పనులు చేసినవాళ్లు పాత కెమెరాల కోసం వెతుక్కోవలసి వచ్చింది.

ఈ ధోరణిలో మనసుకు హత్తుకునే ఉదాహరణ 'ఐరైటర్'. లాస్ ఏంజెలెస్ గోడల మీద రాతలు రాసే కళాకారుడు టోనీ క్వాన్ ఏఎల్‌ఎస్ జబ్బుతో కళ్లు తప్ప మరేమీ కదపలేని స్థితికి చేరాడు. 2009లో జాక్ లీబర్‌మన్ తదితర కళాకారులు ప్లేస్టేషన్ కెమెరా ఒకటి విప్పి కళ్లజోడుకు బిగించారు. కంటిపాప కదలికను పట్టే ప్రోగ్రాం రాశారు. క్వాన్ ఆసుపత్రి మంచం మీది నుంచే కళ్లతో బొమ్మ గీశాడు, అది నగరంలోని ఒక భవనం మీద వెలిగింది. సామాను ఖర్చు 50 డాలర్ల లోపే.

చిన్నపిల్లలతో మొదలుపెట్టేవారికి 2012లో వచ్చిన మేకీ మేకీ ఉంది. అరటిపండ్లకు క్లిప్పులు తగిలిస్తే పియానో మెట్లవుతాయి. ఒక పూట ఆశ్చర్యానికి ఇంతకంటే మంచిది లేదు. దాని లోపల ఏముందో చూసేవరకూ ముందుకు మాత్రం తీసుకెళ్లదు.

స్పందన అంటే దీపం వెలగడమేనా?

నాలుగు దారులూ చేరేది ఒక ప్రశ్న దగ్గరికే. తాకితే వెలిగే దీపం కళ అయిపోతుందా? అలాగైతే డోర్‌బెల్ కూడా ఇంటరాక్టివ్ కళే.

రఫాయెల్ లొజానో-హెమ్మర్ 2006లో చేసిన 'పల్స్ రూమ్'లో సర్క్యూట్ పెద్ద కష్టమైనది కాదు. పిడి పట్టుకుంటే గుండె లయను కనిపెట్టి ఒక బల్బు అదే లయలో కొట్టుకుంటుంది. చెయ్యి వదలగానే ఆ లయ వందల బల్బుల వరుసలోకి చేరుతుంది, అందరి లయలూ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి, అన్నింటికంటే పాతది ఆరిపోతుంది. అంతకుముందు వచ్చిపోయిన వందలాది మంది గుండెల మధ్య చూసేవాడు నిలబడతాడు. డేనియల్ రోజిన్ 1999 నాటి 'వుడెన్ మిర్రర్'లో 830 చెక్క ముక్కలు, వాటిని వంచే మోటార్లు, మధ్యలో ఒక కెమెరా ఉంటాయి. ఎదుట నిలబడితే చెక్కల నీడల్లో మనిషి ముఖం తేలుతుంది, కదిలితే గలగలమంటూ ముఖమూ కదులుతుంది.

ముంబయి కళాకారిణి శిల్పా గుప్తా 2017–18లో చేసిన పని ఇంకా నిరాడంబరం. రాతల వల్ల జైలు పాలైన వందమంది కవుల కోసం వంద మైకులు వేలాడదీసింది. అయితే వైరింగ్ తిరగేసింది: మాట వినాల్సిన మైకులు ఇక్కడ స్పీకర్లయి కవిత్వం పలుకుతాయి. మైకూ స్పీకరూ లోపల దాదాపు ఒకటేనన్న ఎలక్ట్రానిక్స్ మొదటి పాఠమే ఆ పనికి ప్రాణం. అది తెలియని కళాకారుడికి ఆ ఊహ తట్టడం కష్టం. సర్క్యూట్ చదువు ఎందుకు అని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

చూసేవాళ్లను బట్టి మారే ఆట మనకూ పాతదే. తెర వెనక దీపం ముందు బొమ్మ ఆడించే తోలుబొమ్మలాట కళాకారులు జనం నవ్వును బట్టి కేతిగాడి మాటలు సాగదీసేవారు. అక్కడ సెన్సర్ ఆడించేవాడి చెవి.

కోఠి నుంచి రాయదుర్గం దాకా

హైదరాబాద్‌లో ఈ చదువుకు అంగళ్లున్నాయి. కోఠిలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్ నుంచి రిలే దాకా విడిగా ఇస్తారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రేడియోలు, బొమ్మలు, స్పీకర్లు గుట్టలుగా పోసి ఉంటాయి. పెద్ద పనికి రాయదుర్గంలోని టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో 78,000 చదరపు అడుగుల్లో ప్రారంభమైన ఈ కేంద్రంలో లేజర్ కటింగ్ నుంచి సర్క్యూట్ బోర్డుల తయారీ దాకా యంత్రాలున్నాయి. బడుల్లో నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. దేశవ్యాప్తంగా 10,000 బడులకు, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందించే పథకమది. మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది.

లోటు ఎక్కడంటే, ఈ ల్యాబుల్లో తయారయ్యేవి ఎక్కువగా చెత్తబుట్ట నిండితే మోగే బజరు, మొక్కకు నీళ్లు పోసే పంపు. అవి మంచివే. కానీ డ్రాయింగ్ మాస్టారుకు ల్యాబు తాళం ఎవరూ ఇవ్వరు. అటు ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి సోల్డరింగ్ గన్ చూసి అది మన పని కాదనుకుంటాడు. నిజానికి గిన్నెలకు మాటు వేయడం మన వీధుల్లో చూసినవాడికి సోల్డరింగ్ కొత్త కాదు: రెండు లోహాలూ వేడెక్కాక సీసం తనంతట తాను పాకాలి, సీసాన్ని కరిగించి పైన అంటిస్తే ఆ అతుకు నిలవదు. గాలి ఆడే చోట కూర్చోవడం, పని అయ్యాక చేతులు కడుక్కోవడం మరవకూడదు. వినాయక చవితి పందిళ్లలో దీపాలను పరుగెత్తించే సర్క్యూట్ గుండెకాయ అయిన 555 చిప్పు 1970ల మొదటి ఏళ్ల నుంచి మార్కెట్లో ఉంది. దాన్ని మండపం లైటింగ్ మనిషి వాడితే మెకానిక్ పని, కళాకారుడు వాడితే ఇన్‌స్టలేషన్ అనడంలో న్యాయం లేదు.

ఏది మెరుగు?

నాలుగు దారుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తీర్పు ఇలా తేలుతుంది. మొదలుపెట్టడానికి రెండోదే మేలు. సెల్లు, చిప్పు, వేళ్లు ఉంటే కోడ్ లేకుండానే మొదటి సాయంత్రం శబ్దం వినిపిస్తుంది, కరెంటు అంటే భయం పోతుంది. అనుకున్నది అనుకున్నట్టు జరగాలంటే మూడోదానికి రావాలి. కెమెరాతో పని పడితే నాలుగోది. గోడ కరెంటు, ఎత్తు మీద వేలాడే బరువు, జనసమ్మర్దం ఉన్న పెద్ద పనికి మొదటిది తప్పదు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో సహా. ఏ దారిలో పోయినా ముందే నేర్వాల్సినవి మూడున్నాయి: మల్టీమీటర్ పట్టడం, ఏ భాగానికి ఎంత కరెంటు కావాలో లెక్కకట్టడం, తప్పును ఒక్కో చోటే వెతకడం. ఆర్డువినో ఒక్కో కాలు నుంచి 20 మిల్లీయాంపులకు మించి లాగకూడదు. చిన్న మోటారుకు అంతకు చాలా రెట్లు కావాలి. దానికి వేరే సప్లై ఇచ్చి, రెండింటి గ్రౌండ్ (మైనస్) వైర్లు కలపాలి.

నేర్చుకోనందుకు చెల్లించే మూల్యం పని పూర్తయ్యాక తెలుస్తుంది. సియోల్ ఒలింపిక్స్ జరిగిన 1988లో నామ్ జూన్ పైక్ 1,003 టీవీలతో 18.5 మీటర్ల గోపురం కట్టాడు, దాని పేరు 'ద మోర్, ద బెటర్'. పిక్చర్ ట్యూబులు ముసలివై 2018లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అది ఉన్న మ్యూజియం ఏళ్ల తరబడి శ్రమించి 737 టీవీలు బాగుచేసి, మిగతా 266 చోట్ల ఎల్‌సీడీ తెరలు పెట్టి 2022లో మళ్లీ వెలిగించింది. మ్యూజియం అండ లేని కళాకారుడు తన పని మరమ్మతును తానే చూసుకోవాలి. అందుకే మొదటి పెట్టె తయారుచేసిన రోజే దాని మూత లోపల ఒక కాగితం అంటించండి: ఏ చిప్పు, ఎన్ని వోల్టులు, ఏ రంగు వైరు ఎక్కడికి, కోడ్ ఏ ఫైలులో ఉంది. తెలుగులోనే రాయండి.